వార్డు చూడటానికి విదేశీ నర్సు వస్తున్నప్పుడు

సొంత దేశంలో ఎన్నేళ్ల అనుభవమున్నా, వచ్చిన చోట రిజిస్ట్రేషన్ లేని నర్సు పేషెంటు మీద చెయ్యి వేయకూడదు. ఈ మాట మొదటి రోజే సూటిగా చెప్పండి. మొహమాటపడితే రద్దీ వేళ ఎవరో ఒకరు "కాస్త ఈ సెలైన్ మార్చండి" అనేస్తారు.

రాకముందే హెపటైటిస్ బి, తట్టు, ఆటలమ్మ టీకాల కాగితాలు, టీబీ పరీక్ష ఫలితం తెప్పించుకోవాలి. గోప్యత పత్రం మీద సంతకం, 'పరిశీలకులు' అని రాసిన బ్యాడ్జి కూడా ఉండాలి.

అసలు తికమక పేర్లలో, కొలతల్లో వస్తుంది. పారాసిటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు, సాల్బుటమాల్‌ను ఆల్బుటెరాల్ అంటారు, అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. రక్తంలో గ్లూకోజు 10 అని వింటే కంగారు పడొద్దు. అది లీటరుకు మిల్లీమోల్స్‌లో చెప్పిన లెక్క, 18తో గుణిస్తే డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు. 03/04 అన్న తేదీ ఏప్రిల్ 3 కావచ్చు, మార్చి 4 కావచ్చు. నెల పేరు అక్షరాల్లో రాయండి. ఈ తేడాలన్నీ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోమనండి.

పేషెంటు అనుమతి అతిథి పక్కన లేనప్పుడే అడగాలి. ఎదురుగా ఉంటే వద్దని చెప్పలేక తలూపేస్తారు.

డ్యూటీ మారేటప్పుడు జరిగే అప్పగింతలు తప్పక చూపించండి. వార్డు పని తీరు అక్కడే బాగా అర్థమవుతుంది.