వెనక్కి నడవొద్దు

మా అమ్మాయి పిక్క మీద ఇప్పటికీ రెండు చిన్న మచ్చలున్నాయి. గుంటూరులో, నల్లపాడు వైపు ఉన్న మా అమ్మ ఇంటి పెరట్లో పుంజు తన్నిన గుర్తులవి. మేం ఊళ్ళో దిగిన మర్నాడు పొద్దున్నే జరిగింది. ఆ పుంజు ఎక్కడిదో కాదు. కిందటి వేసవిలో మా అమ్మాయే ఒళ్ళో పెట్టుకుని పెంచిన కోడిపిల్ల.

మేముండేది నార్త్ కరోలైనాలో. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. అమ్మాయికి తొమ్మిదేళ్ళు, బాబుకి నాలుగు. ఏటా జూన్‌లో బడికి సెలవులివ్వగానే గన్నవరంలో విమానం దిగి, గుంటూరు వచ్చి ఆరు వారాలుంటాం. కిందటేడు మేం వచ్చేసరికి అమ్మ ఒక పెట్టను పదకొండు గుడ్ల మీద పొదగేసి ఉంచింది. ఇరవై ఒకటో రోజున తొమ్మిది పిల్లలు బయటికొచ్చాయి. ఒకటి నీరసంగా, తల్లి వెనక నడవలేక పడిపోతుంటే మా అమ్మాయి దాన్ని తీసి పాత తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఉన్నన్నాళ్ళూ అదే లోకం. నూకలు అరచేతిలో పోసి తినిపించింది. మిర్చి అని పేరు పెట్టింది. మా అమ్మ కోళ్ళకు పేర్లు పెట్టదు. "కూరలోకి వెళ్ళేదానికి పేరెందుకే" అంటుంది. కానీ మనవరాలి కోసం ఆ ఒక్కదాన్నీ పేరుతోనే పిలిచింది. మేం వెళ్ళిపోయాక కూడా ప్రతి శనివారం దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని వీడియో కాల్లో చూపించేది. ఇటు మా అమ్మాయి ఫోను మీద వేలితో దాని తల నిమిరేది.

దసరా దాటాక కాళ్ళు సాగి, తోక వంపు తిరిగి, పుంజని తేలిపోయింది. ఒళ్ళంతా ఎరుపు, డేగ రంగు. నవంబరు నుంచి పనిమనిషి మీదికి, పాలబ్బాయి మీదికి ఉరకడం మొదలుపెట్టిందని అమ్మ మాకు చెప్పలేదు. అడిగినప్పుడల్లా "బాగానే ఉంది, బలిసింది" అనేది. మనవరాలి మనసు కష్టపెట్టడం ఇష్టం లేక దాచింది.

ఆ పొద్దున మా అమ్మాయి చేతులు చాచుకుని "మిర్చీ" అంటూ పెరట్లోకి పరిగెత్తింది. పుంజు ఒక రెక్క నేలకు వాల్చి, ఆ రెక్క ఈకలు కాళ్ళకు రాసుకుంటూ, అడ్డంగా నాలుగడుగులు వేసింది. డాన్స్ చేస్తోందని నా కూతురు నవ్వింది. అది సవాలని ఆ క్షణాన నాకూ తెలియలేదు. మెడ ఈకలు గొడుగులా విచ్చుకున్నాయి. ఎగిరి రెండు కాళ్ళతో ఒకేసారి తన్నింది. మా అమ్మాయి అప్పుడు ఏం చేసిందో నా కళ్ళముందు ఇంకా ఉంది. రెండు చేతులూ ముందుకు పెట్టి, "సారీ, సారీ" అంటూ వెనక్కి నడిచింది. అది మళ్ళీ ఎగిరింది. ఇంకో అడుగు వెనక్కి. మళ్ళీ ఎగిరింది. మా అమ్మ చేట పట్టుకుని మధ్యలోకి వచ్చేదాకా అలా వెనక్కి నడుస్తూనే ఉంది.

కాలు సబ్బునీళ్ళతో బాగా కడిగి డాక్టరుకి చూపించాం. పుంజు కాలి ముల్లు లోతుగా దిగుతుంది, పైకి చిన్న చుక్కలాగే కనబడుతుంది. అలాంటి గాయానికి ధనుర్వాతం టీకా సంగతి చూసుకోవాలి, మర్చిపోకూడదు. గాయం చిన్నదే. కానీ ఆ రాత్రి మంచం మీద పడుకుని, "నన్ను మర్చిపోయాడమ్మా. నేను అంత ప్రేమగా చూశాను కదా" అని ఏడ్చింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు మా పెదనాన్నగారి అబ్బాయి చెప్పాడు. గన్నవరం పశువైద్య కళాశాలలో చదివాడు, నాకు తమ్ముడు వరస. మర్నాడు వచ్చి మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడాడు. "మర్చిపోలేదురా. మనుషులంటే వాడికి భయం లేదు, అంతే. ఒళ్ళో పెరిగాడు కదా, మనుషులు కూడా తన మందలోవాళ్ళే అనుకుంటున్నాడు. మామూలు పుంజు మనిషిని చూస్తే తప్పుకుంటుంది. వీడికి నువ్వు ఇంకో పుంజువి. అయిదారు నెలలకు వయసొస్తుంది, ఒంట్లో హార్మోన్లు మారతాయి. మందలో ఎవరు పెద్దో తేల్చుకోవాలని చూస్తాడు. నువ్వు వెనక్కి నడిచావు. అంటే నువ్వు ఓడిపోయానని ఒప్పుకున్నావు, వాడు గెలిచాడు. పరిగెత్తినా అంతే."

"మరి కొట్టాలా?" అని అడిగింది.

"కొడితే పోట్లాటకు ఒప్పుకున్నట్టు. రేపు ఇంకా కసిగా వస్తాడు. కొట్టకూడదు, వెనక్కీ నడవకూడదు."

ఆ మాట నాకు తగిలిన చోటు వేరే. కిందటి చలికాలంలో అక్కడ బడి బస్సులో ఒక పిల్ల మా అమ్మాయి డబ్బాలోని పులిహోర చూసి ముక్కు మూసుకుంది. రోజూ అదే పని. మా అమ్మాయి నాతో చెప్పుకుంటే, "పోనీలే నాన్నా, పట్టించుకోకు, వేరే సీట్లో కూర్చో" అన్నాను. అది మంచి పెంపకమే అనుకున్నాను. పరాయి దేశంలో ఉన్నాం, గొడవలొద్దు, మన పని మనం చూసుకుందాం అన్నది నేను అక్కడికి వెళ్ళిన మొదటి రోజు నుంచీ నాకు నేను చెప్పుకుంటున్న మాట. దాన్నే పిల్లకు పోశాను. బస్సులో సీటు మార్చుకుంటూ మార్చుకుంటూ చివరికి డ్రైవరు వెనక సీటుకు చేరింది. పెరట్లో చేతులు ముందుకు పెట్టి వెనక్కి నడిచిన ఆ నడక నేను నేర్పిందే.

మా అమ్మ ఇవేవీ చదువుకోలేదు, కానీ చేతల్లో అన్నీ తెలుసు. పొద్దున్నే చేట పట్టుకుని పెరట్లోకి దిగుతుంది. పుంజు రెక్క వాలిస్తే ఆగదు, దాని వంక తిరగదు, తొందరపడదు. తను వెళ్ళాల్సిన దారిలో తను వెళుతుంది. మరీ మీదికొస్తే చేటను తనకూ దానికీ మధ్య పెట్టి అక్కడే నిలబడుతుంది. పుంజు కాసేపు అటూ ఇటూ చూసి, నేల మీద ఏదో ఏరుకుంటున్నట్టు వంగి పొడుస్తుంది. "అదిగో, అప్పుడు కదలాలి. అది తల దించేదాకా కాలు కదపగూడదు" అని మనవరాలికి చెప్పింది.

పిల్లను వెంటనే దింపలేదు. మొదటి వారం గుమ్మంలో కూర్చుని చూడడమే పని. బాబునైతే అసలు రానివ్వలేదు. నాలుగేళ్ళ పిల్లాడి మొహం పుంజు ఎగిరే ఎత్తులోనే ఉంటుంది, కంటికి తగిలితే ఇక చేసేదేమీ లేదు. గుమ్మానికి అడ్డంగా చెక్క కట్టాం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇందులో మొహమాటం వద్దు.

గుమ్మంలో కూర్చున్న ఆ వారంలో మా అమ్మాయి చూసినవి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంది. జొన్నలు వేస్తే పుంజు ముందు తినదు. ఒక గింజ ముక్కుతో ఎత్తి, వదిలి, "టుక్ టుక్ టుక్" అని పెట్టల్ని పిలుస్తుంది. అవి వచ్చి తిన్నాకే తను. పైన గద్ద తిరిగితే ఒక్కటే సన్నటి పొడుగు కేక, పెట్టలన్నీ గూట్లోకి. గోడ మీద పిల్లి నడిస్తే వేరే కూత, టకటకా ఆగకుండా. తెల్లవారక ముందే, ఇంకా చీకటుండగానే కూస్తుంది. వెలుగు చూసి కూయడం కాదు, దాని ఒంట్లోనే ఒక గడియారం ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2013లో తేల్చారని మా తమ్ముడు చెబితే అది కూడా రాసుకుంది. "వాడు చెడ్డవాడు కాదమ్మా, డ్యూటీలో ఉన్నాడు" అంది.

తమ్ముడు ఇంకొకటి గమనించాడు. పెట్టలు నాలుగే ఉన్నాయి, రెండింటి వీపు మీద ఈకలు ఊడిపోయి చర్మం కనబడుతోంది. ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలుంటే మంచిది, లేకపోతే ఆ నాలుగూ నలిగిపోతాయి. ఇంకో అయిదు నాటు పెట్టల్ని తెచ్చి, కొక్కెర తెగులు రాకుండా టీకా చుక్కలు వేయించి, కొన్నాళ్ళు వేరే గంప కింద ఉంచి అప్పుడు కలిపాం.

రోజూ సాయంత్రం తమ్ముడు పుంజును పట్టుకునేవాడు. చీకటి పడే వేళకు కోడికి చూపు తగ్గుతుంది, పట్టుకోవడం తేలిక. రెక్కలు రెండూ మూసి, చంకలో ఇరికించుకుని, పావుగంట పెరట్లో తిరిగేవాడు. పందెం కోళ్ళను పెంచేవాళ్ళు రోజూ ఇలాగే చేతుల్లో తిప్పుతారట. అందుకే ఆ జాతి పుంజులు ఇంకో పుంజును చూస్తే చచ్చేదాకా పోరాడతాయి కానీ పెంచిన మనిషి చేతిలో పిల్లిపిల్లలా ఉంటాయి. ఒక సాయంత్రం మిర్చిని అలాగే పట్టుకుని కాలి ముల్లు కొసను చిన్న ఆకురాయితో అరగదీశాడు. మా అమ్మాయి టార్చి పట్టుకుంది. ముల్లు లోపల ఎముక, రక్తం ఉంటాయి, కొస వరకే తీయాలి. కొమ్ము పొడి తెల్లగా అతని చొక్కా మీద రాలింది. పుంజు కన్ను ఒకటే మూస్తూ తెరుస్తూ ఉంది. కింది రెప్ప పైకి లేచి కన్ను మూయడం మా అమ్మాయి అంత దగ్గరగా మొదటిసారి చూసింది. ఇంకో చేత్తో దాని మెడ మీద వేలు పెట్టి, ఏమీ మాట్లాడకుండా నిలబడింది.

మూడో వారంలో ఎవరో చెప్పగా పల్నాడు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. పొగరున్న డేగ పుంజు ఉందట కదా, సంక్రాంతికి తయారుచేసుకుంటాను, ధర చెప్పండి అన్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చి, "అమ్మేది కాదు నాయనా" అని పంపేసింది. అప్పుడు పిల్ల అడిగింది, తయారుచేయడమంటే ఏమిటని. కాలికి కత్తి కట్టే సంగతి చెప్పాల్సి వచ్చింది. 1960 నుంచీ చట్టం వద్దంటున్నా పండక్కి బరులు వెలుస్తూనే ఉన్నాయని కూడా చెప్పాను. నా బిడ్డ ముందు మనవాళ్ళను కాపాడుకోవాలని ఒక్క క్షణం అనిపించింది, కానీ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. రాత్రి అమ్మ పల్నాటి కథ ఎత్తుకుంది. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు సివంగిడేగ, పందెంలో ఓడి బ్రహ్మనాయుడివాళ్ళు ఏడేళ్ళు ఊరొదిలిపోవడం. కారంపూడిలో ఇప్పటికీ కార్తీకంలో వీరుల ఉత్సవాల్లో ఒక రోజును కోడిపోరు అనే పిలుస్తారు. అంతా విని మా అమ్మాయి, "ఓడిపోయింది మనుషులు కదా, కోడిని ఎందుకు పంపారు?" అంది. అమ్మ చాలాసేపు ఆలోచించి, "నిజమేనే" అంది.

కూర సంగతి కూడా వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది. మారకపోతే కోస్తారా అని నేరుగా అడిగింది. అమ్మ దాచలేదు. మనిషి మీద పడే పుంజును పిల్లలున్న ఇంట్లో ఉంచుకోలేమని, అన్ని పుంజులూ మారవని, దీని గుడ్లు పొదగేస్తే ఆ గుణం పిల్లలకూ వస్తుందని, అందుకే ఈ ఏడు పొదగేయలేదని చెప్పింది. నార్త్ కరోలైనాలో మా వీధిలో ఒకావిడ పెట్టల్ని పెంచుతుంది. మా ఊరి నిబంధనలో పెట్టలకే చోటు, పుంజులకు లేదు. కోడిపిల్లల్లో పుంజు తేలితే ఎవరికో ఇచ్చేస్తారు, ఆ తర్వాత ఏమవుతుందో పిల్లలకు ఎవరూ చెప్పరు. మా అమ్మ చెప్పింది. పిల్ల ఆ రాత్రి ఏడవలేదు. "ఇంకో నెల టైమివ్వు అమ్మమ్మా" అని బేరమాడింది.

వెళ్ళే ముందు రోజు పొద్దున మా అమ్మాయి మందపాటి ప్యాంటు, బూట్లు వేసుకుని, జొన్నల గిన్నె ఒక చేత్తో, చేట ఇంకో చేత్తో పట్టుకుని పెరట్లోకి దిగింది. అమ్మ గుమ్మంలో, నేను కిటికీ దగ్గర. పుంజు రెక్క వాల్చింది. మా అమ్మాయి ఆగింది. చేట మోకాళ్ళ ముందుకు వచ్చింది కానీ కాళ్ళు కదల్లేదు. పుంజు మెడ ఈకలు లేచాయి. ఒక్కసారి ఎగిరి చేటను తన్నింది, టప్పుమని చప్పుడైంది. నేను తలుపు వైపు కదిలితే అమ్మ చేత్తోనే ఆపింది. మా అమ్మాయి అక్కడే ఉంది. ఎంతసేపో తెలియదు. పుంజు పక్కకు తిరిగింది. వంగి నేలను పొడిచింది. అప్పుడు పిల్ల గింజలు చల్లింది. టుక్ టుక్ మని పిలుపు మొదలైంది, తొమ్మిది పెట్టలూ వచ్చాయి. గూట్లోంచి రెండు గుడ్లు తీసుకుని, వచ్చిన దారినే, అంతే నిదానంగా వచ్చింది. లోపలికి వచ్చాక చేతులు వణికాయి. గుడ్లు మా అమ్మ పట్టుకుంది.

మిర్చి మారిపోయిందని చెప్పను. పోయిన శనివారం కూడా గ్యాస్ సిలిండరు అబ్బాయిని గేటు దాకా తరిమిందట. కొత్తవాళ్ళు వచ్చే వేళకు గంప కింద మూసి పైన రాయి పెడుతున్నానని అమ్మ ఫోన్లో చెప్పింది.

"గంప ఎండలో పెట్టకు అమ్మమ్మా" అంది మా అమ్మాయి. "వేపచెట్టు కింద పెట్టు. నీళ్ళు కూడా."