పొరక వంతు

పదకొండున్నర దాటింది. ఈయన గురక అందుకున్నారు. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, నిద్రకి అడ్డమేమీ లేదు. అయినా ఆ అట్టముక్క నన్ను వదలడం లేదు.

పొద్దున జర్మనీ నుంచి మా అమ్మాయి, అమ్మణ్ణి, ఫోటో పంపింది. తలుపు పిడికి దారంతో వేలాడదీసిన అట్ట, దాని మీద పెద్ద అక్షరాలతో ఒకటే మాట. నేను కళ్ళజోడు సర్దుకుని చూసి, 'ఏమే, ఇల్లు వేలానికి పెట్టినారా?' అని వాయిస్ మెసేజ్ పెట్టాను. మా భోజనాలయ్యాక, ఒంటిగంటకి, దానికి అక్కడ తొమ్మిదిన్నర, ఫోన్ చేసి నవ్వింది. దాన్ని కేర్‌వోహ అంటారట. ఊడ్చే వారం. స్టుట్‌గార్ట్ వైపు తాతల కాలం నాటి అలవాటట. ఆ అట్ట ఎవరి తలుపుకి వేలాడితే ఆ వారం మెట్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టే వంతు వాళ్ళది. పెద్ద వంతైతే నేలమాళిగ, వాకిలి, ఇంటి ముందు కాలిబాట కూడా. ఒకప్పుడు ఊరి నిబంధనల్లోనే ఉండేదట. 1988లో తీసేశారట గానీ, అద్దె కాగితాల్లో మాత్రం అట్లాగే మిగిలిపోయింది. సోమవారమే వచ్చిందట అట్ట. ఆదివారం చప్పుడయ్యే పనులు పెట్టుకోకూడదు కాబట్టి ఈ రోజే కానిచ్చేయాలంది.

'చేస్తే ఏమైందిలే అమ్మా, మెట్లే కదా' అంది.

మెట్లే. నాకు మండింది మెట్ల గురించి కాదు.

ఆ ఇంట్లో దిగి మూడు వారాలు. మంచం, బల్ల, గిన్నెలతో సహా మూడు నెలలకి తీసుకున్న ఇల్లు. ఆ తర్వాత సొంతంగా వెతుక్కోవాలి. (అక్కడ కొన్ని ఇళ్ళలో వంటగదికి పొయ్యి, సింకు కూడా ఉండవట. ఖాళీ చేసేవాళ్ళు విప్పుకుని తీసుకుపోతారట. మన వాళ్ళు పోయేటప్పుడు బల్బులు విప్పుకుంటేనే వీధంతా చెప్పుకుంటాం.) ఈ మూడు వారాలుగా కింద కాలింగ్ బెల్లుల వరసలో దీని పేరు లేదు. ఇంతకు ముందు ఉన్నావిడ పేరే ఉంది. ఆ దేశంలో అడ్రసులో ఫ్లాటు నంబరు రాయరు. వీధి, బిల్డింగు నంబరు, మనిషి పేరు, అంతే. పోస్టు మనిషి డబ్బా మీద పేరు చూసి వేస్తాడు. పేరు లేదంటే ఆ మనిషి అక్కడ లేనట్టే లెక్క. బ్యాంకు కార్డు అట్లాగే వెనక్కి పోయింది.

దిగిన రెండు వారాల్లో ఆఫీసుకి పోయి అడ్రసు నమోదు చేయించుకోవాలంటే, ఇంటివాళ్ళిచ్చిన కాగితం పట్టుకుని పోయి అదీ చేయించుకుంది. ఆ తర్వాత పన్ను నంబరు, పదకొండంకెలది, పోస్టులోనే రావాలి. రాలేదు. అది ఇవ్వకపోతే జీతంలో పన్ను జాస్తిగా కోస్తారు. డబ్బా మీద పేరు పెట్టండి మహాప్రభో అని ఇంటి సంగతులు చూసేవాళ్ళకి రెండు మెయిళ్ళు పెట్టింది. 'చూస్తున్నాం' అని ఒక జవాబు. దీని పేరు, ఇంటిపేరు కలిపితే ఇంగ్లీషులో ఇరవై మూడు అక్షరాలు, బెల్లు పక్కన గడి నా బొటనవేలంత. నిజమే, ఇబ్బందే. కానీ పేరుకి దొరకని చోటు పొరక వంతుకి దొరికింది చూడండి, అక్కడ కాలింది నాకు.

ఈయనతో అంటే, 'మూడు నెలల ముచ్చటకి పేరెందుకే' అన్నారు. ఎవరన్నారు? ఈ ఇంటికి సున్నం కొట్టకముందే గ్రానైటు పలక మీద పేరు, పేరు కింద డిగ్రీ చెక్కించి తెచ్చిన మనిషి. పలక బిగించడానికి గోడ ఇంకా ఆరలేదని మేస్త్రీ అంటే నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. అది గుర్తు చేస్తే టీవీ సౌండు పెంచారు. రోజుకి వేలమంది ఒక్క రాత్రికి దిగిపోయే ఊరు మా తిరుపతి. కొండ మీద గది తీసుకున్నా తాళం చేతిలో పడ్డప్పటి నుంచి గంటలు లెక్క. ఇట్లాంటి ఊళ్ళో మూడు నెలలంటే కాపురమే కదా.

కాసేపటికి ఆయనే సౌండు తగ్గించి, 'అట్ట తగిలించింది పక్కింటివాళ్ళు, పేరు రాయాల్సింది ఇంటివాళ్ళు. రెండింటికీ ముడి పెడతావేంది' అన్నారు. అది న్యాయమైన మాట. న్యాయమైన మాట కాబట్టే ఇంకా కోపం వచ్చింది.

దీనంతటికీ కారణం కొర్లగుంట, మేము మొదట కాపురమున్న పేట. ఆ పేరెత్తితే నేను ఆగనని మీకు తెలుసు, ఇష్టం లేనివాళ్ళు కింది దాకా దాటుకుని పోండి.

1994. చిత్తూరు నుంచి కొత్త కాపురానికి వచ్చాను. ముందు ఓనరమ్మ వాళ్ళు, వెనక నాలుగు పోర్షన్లు, అందరికీ ఒకటే బోరింగు. వారానికొకరు వంతు. వంతంటే మన తలుపు ముందర మాత్రమే కాదు, గేటు బయట వీధి దాకా కసువు ఊడ్చి, పేడనీళ్ళు చల్లాలి. చల్లాక ఓనరమ్మ వరండాలోంచి ఒక మాట అనేది. 'పొరక ఆడ పెట్టి పోమ్మే, ముగ్గు నేనేస్తా.'

రోజూ అదే మాట. స్నానం చేసి, తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, నాలుగు రేకుల పువ్వు ఒకటి, దాని చుట్టూ రెండు గీతలు. పండగైనా, శుక్రవారమైనా అదే నాలుగు రేకులు. మా అమ్మ నాకు పదిహేను చుక్కలు, ఎనిమిది దాకా సందు చుక్కలు, కళ్ళు మూసుకుని పెట్టేట్టు నేర్పించింది. పెళ్ళికి ముందు మా వీధిలో సంక్రాంతికి నా ముగ్గు తొక్కకుండా సైకిళ్ళు దిగి నడిపించుకుపోయేవాళ్ళు. అట్లాంటి నేను, నేను చల్లిన తడి నేల మీద ఇంకొకరు నాలుగు రేకులు గీస్తుంటే గోడ వార నిలబడి చూసేదాన్ని. వేళ్ళు జివ్వుమనేవి, నిజంగా.

ఉత్తరాలదీ అదే కథ. మా అమ్మ ఇన్లాండు లెటరు రాస్తే పైన నా పేరు, కింద కేరాఫ్ అని ఓనరు గారి పేరు. పోస్టుమ్యాన్ ముందింట్లో ఇచ్చేవాడు. వాళ్ళు క్యాలెండరు వెనక చెక్కేవాళ్ళు. గుర్తొస్తే ఇవ్వడం, లేకుంటే లేదు. ఒకసారి, 'శుక్రవారం వస్తున్నా, అల్లుణ్ణి బస్టాండుకి పంపించు' అన్న ఉత్తరం నా చేతికి శనివారం వచ్చింది. అప్పటికి మా అమ్మ వచ్చేసింది. మామిడికాయల సంచి చంకలో పెట్టుకుని, బస్టాండులో గంటన్నర చూసి, అడుక్కుంటూ అడుక్కుంటూ నడిచి వచ్చింది. వచ్చేసరికి నేను వాకిలి ఊడుస్తున్నా. ఏమీ అనలేదు. ముగ్గు వైపు చూసి, 'ఇదెవరేసింది?' అని మాత్రం అడిగింది.

ఆ ఏడు ధనుర్మాసంలో ఓనరమ్మ వాళ్ళకి మైల వచ్చింది. వాళ్ళు ముగ్గు పెట్టకూడదు. సాయంత్రం నా కిటికీ దగ్గరికి వచ్చి, 'వాకిలి బోసిగా ఉంటే బాగుండదు, ఈ పది దినాలు నువ్వెయ్యి' అంది. నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. నాలుగింటికే లేచి టార్చిలైటు గేటు మీద పెట్టి పదిహేను చుక్కలు పెట్టాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా ఒక్క గీత కూడా వంకర పోలేదు. వీధి వీధంతా ఆగి చూసింది. ఓనరమ్మ వరండాలో నిలబడి చూసి లోపలికి పోయింది. పది రోజులూ పది ముగ్గులు. ఆమె ఒక్క మాట అనలేదు. పదకొండో రోజు మళ్ళీ తువ్వాలు, నాలుగు రేకులు.

ఎంత గర్వమో అనుకున్నా అప్పుడు. ఇన్నేళ్ళూ అట్లాగే చెప్పుకుంటూ వచ్చా, ఈ డైరీలోనే రెండు మూడుసార్లు రాసి ఉంటా. ఈ రాత్రి మాత్రం వేరే ఏదో తోస్తోంది. ఆమెకి వచ్చిందే ఆ ఒక్క ముగ్గేమో. ఇప్పుడు నా మోకాళ్ళు పదిహేను చుక్కలకి వంగవు. పొద్దున నేనేసేది ఎంతో తెలుసా? నాలుగు రేకులు.

ఇంకోటి కూడా ఉంది. ఇది రాయాలా వద్దా అని పది నిమిషాలుగా చూస్తున్నా.

మా మిద్దె మీద పోర్షన్లో ఉన్న పిల్ల. ఆర్నెల్లయింది వచ్చి. మెట్లు ఆమే ఊడుస్తుంది, అది మొదట్లోనే చెప్పుకున్న మాట. పోయిన నెల ఒక శుక్రవారం నేను లేచేసరికి గేటు ముందర చిన్న ముగ్గు, ముద్దుగా, మధ్యలో పసుపు కుంకుమ. నేనేమన్నా? 'నీకెందుకమ్మా శ్రమ, నేనేస్తాలే.' నవ్వుతూనే అన్నా. ఆ పిల్లా నవ్వుతూనే లోపలికి పోయింది. మళ్ళీ వేయలేదు. కొరియరు వాళ్ళు ఫోన్ చేస్తే ఈయన పేరు చెప్పి, 'వాళ్ళ మిద్దె పైన' అంటుంది. అట్లా అనడం నేను ఎన్నిసార్లు విన్నానో.

సరే, అమ్మణ్ణి సంగతి. సాయంత్రం మళ్ళీ చేసింది. మెట్లు అయిపోయాయట. కింద పోర్షన్ ముసలావిడ తలుపు తీసి చూసి, తడిగుడ్డ పిండడం ఇట్లా కాదు అట్లా అని చేసి చూపించిందట. ఇంకో బకెట్టు ఇచ్చిందట. మూడు వారాల్లో ఆ బిల్డింగులో దీంతో మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే. డబ్బా మీద పేరు లేదని దీని చేత విని, ఒక కాగితం ముక్క కోసి, పాస్‌పోర్టు చూసుకుంటూ ఇరవై మూడు అక్షరాలూ తనే రాసి టేపుతో అంటించేసిందట. ఒక్క అక్షరం తప్పు లేదు. ఫోటో పంపింది. రాత మా చిన్నప్పటి టీచరు రాతలాగా కొంచెం పక్కకి వాలి ఉంది.

'అట్ట ఏం చేసినావే?'

'పక్కింటి తలుపుకి తగిలించేసినా.' ఆ గొంతులో ఉత్సాహం చూస్తే నవ్వొచ్చింది. ఎనిమిది ఇళ్ళట ఆ మెట్ల మీద. వేళ్ళ మీద లెక్కేశా. మళ్ళీ వంతు పదకొండో వారంలో. ఖాళీ చేసే లోపల ఇంకోసారి ఊడవక తప్పదు.

ముగ్గుపిండి డబ్బా గేటు పక్కన గూట్లోనే ఉంది. మెట్ల కిందికి మార్చి పెడితే ఆ పిల్లకీ అందుతుంది. మంగళవారమో, బుధవారమో వేసుకోమనొచ్చు. శుక్రవారం మాత్రం ఇవ్వను.