కడియం ఏ చేతికి?

ఆ పెద్దాయన మొదటిసారి మా ఓపీకి వచ్చినప్పుడు నేను పేరు పెట్టి పిలిస్తే మెడ తిప్పి చూడలేదు. మనిషి మొత్తం ఇటు తిరిగి చూశాడు. మెడ, నడుము ఒకే కర్రలా బిగుసుకుపోయాయి. కనిగిరి వైపు పల్లె. అరవై దాటాయి. పసుపుపచ్చ గుడ్డసంచిలో ఎనిమిదేళ్ల మందుల చీటీలు తెచ్చుకున్నాడు. కీళ్లవాతమని ఒకరు, సయాటికా అని ఇంకొకరు, వెన్నుపూసలు అతుక్కుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని మరొకరు రాశారు. జబ్బు పేరు మారింది గానీ మందు మారలేదు, అన్నీ నొప్పి బిళ్లలే.

నేను ఒంగోలులో ఒక ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. "ఏ నీళ్లు తాగుతారు?" అన్నది మా జిల్లాలో మొదట అడగాల్సిన ప్రశ్న. క్యూ గుమ్మం దాటి వరండాలోకి వెళ్లిన రోజున అదే మర్చిపోతాం. ఆ రోజు ఎందుకో అడిగాను. "ముందు బావి నీళ్లు, తర్వాత బోరు నీళ్లమ్మా. ఇప్పుడు డబ్బా నీళ్లు కొంటున్నాం, డబ్బులున్నప్పుడు" అన్నాడు.

ముంజేతికి ఎక్స్-రే రాశాను. ఎక్స్-రే టెక్నీషియన్ కాస్త విసుక్కున్నాడు. పెద్దాయన చేతికి రాగి కడియం ఉంది. పెళ్లప్పుడు వేసుకున్నదట, చెయ్యి లావై ఇప్పుడు ఊడి రావడం లేదు. సరే, అలాగే తీయమన్నాను. ఫిల్ము చూస్తే మణికట్టు దగ్గర కడియం తెల్లటి గీతలా పడింది. దానికి పైన అసలు సంగతి ఉంది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి, వాటి మధ్య పలుచని పొర ఉంటుంది. మామూలుగా ఆ పొర ఎక్స్-రేలో కనపడదు. ఈయనకు ఆ పొరంతా సున్నం పేరుకుని, ఎముక అంచు నుంచి రంపం పళ్లలా బయటికి పొడుచుకొచ్చింది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ ఒంటి ఎముకలకు పట్టిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన గుర్తు దొరకడం కష్టం. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా అదే చెప్పింది.

ఇది మా నేలకు కొత్త జబ్బు కాదు. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ గురించి తొలి శాస్త్రీయ వ్యాసం 1937లో వచ్చింది. షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. అందులో ఉన్నది మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులు. కనిగిరి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. అంటే ఎనభై ఏళ్లకు ముందే ప్రపంచానికి చెప్పిన జబ్బును, అదే ప్రాంతంలో, ఎనిమిదేళ్ల పాటు డాక్టర్లం మేమే పోల్చుకోలేకపోయాం. ఈ కేసు రాయాలని నాకు పట్టుదల వచ్చింది అందుకే. నా పేరు మీద ఒక పేపరు ఉండాలన్న ఆశ కూడా ఉందనుకోండి, దాచుకోవడం ఎందుకు.

మొదట చందా కట్టి చదివే ఒక జర్నల్‌కు పంపాను. ఏడు నెలలు వెబ్‌సైట్లో 'రివ్యూలో ఉంది' అన్న ఒక్క మాటే, అంటే తోటి నిపుణులు పరిశీలిస్తున్నారని. రోజూ పొద్దున కాఫీ తాగుతూ తెరిచి చూడటం, మూసేయడం. చివరికి రెండు వాక్యాల ఈమెయిల్ వచ్చింది. విషయంలో కొత్తదనం లేదు, ధన్యవాదాలు. కోపం వచ్చింది, కానీ వాళ్లన్నది అబద్ధం కాదు. కొత్తదనం లేదనే కదా నా బాధ కూడా! ఇంకో సంగతి, ఆ జర్నల్ అచ్చు వేసినా మా పీహెచ్‌సీ డాక్టరు చదవలేడు. ఒక్క వ్యాసం తెరవాలన్నా డాలర్లలో కట్టాలి.

అప్పుడు ఓపెన్ యాక్సెస్ వైపు చూశాను. పరిశోధన వ్యాసాలు ఎవరైనా ఉచితంగా చదివేలా ఉండాలన్న ప్రకటన బుడాపెస్ట్ సమావేశం నుంచి 2002లో వచ్చింది. 2006లో మొదలైన ప్లాస్ వన్ అనే జర్నల్ ఇంకో అడుగు వేసింది. విషయం గొప్పదా కాదా అని కాకుండా, పని సరిగా చేశారా లేదా అన్నదే చూస్తామంది. ఆ తర్వాత కొన్ని జర్నల్స్ ముందు వ్యాసం పెట్టేసి, రివ్యూలు అందరికీ కనపడేలా తర్వాత జరిపే పద్ధతికి వచ్చాయి. రివ్యూవర్ పేరు కూడా బయటే ఉంటుంది. ప్రీప్రింట్‌గా, అంటే రివ్యూ కాకముందే అందరికీ కనపడేలా, పెడదామా అని కూడా చూశాను. 2019లో వచ్చిన మెడ్‌ఆర్కైవ్ వైద్య పరిశోధనలకు పెట్టిందే గానీ, ఒక్క రోగి కథలాంటి కేస్ రిపోర్టులు అది తీసుకోదు.

ఈ దారిలో దొంగలు చాలామందే ఉన్నారు. ఒక పేపర్ ఎక్కడైనా పంపామంటే చాలు, "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారూ, మీ అద్భుతమైన పరిశోధన..." అంటూ వరసగా ఈమెయిల్స్ వస్తాయి. మూడు రోజుల్లో అచ్చు, రివ్యూ గ్యారంటీ అంటారు. నాకు చేపల పెంపకం జర్నల్ నుంచి కూడా పిలుపు వచ్చింది. మా జిల్లాలో రొయ్యల చెరువులున్నాయి కాబట్టి పోనీలే అనుకున్నాను. నేను చూసుకున్నవి మూడే. డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జాబితాలో ఆ జర్నల్ ఉందా, దాని వ్యాసాలు వైద్య పరిశోధనలు వెతుక్కునే పబ్‌మెడ్‌లో దొరుకుతున్నాయా, అందులో రాసినవాళ్లలో నాకు తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా. మూడోది ఏ నిబంధనల్లోనూ లేదు. కానీ ఒక సీనియర్‌కు ఫోన్ చేసి "వాళ్లు నిజంగా రివ్యూ చేశారా?" అని అడిగితే తెలిసినంత జాబితాల్లో తెలియదు.

ఫీజు మాత్రం గట్టిగానే తగిలింది. చదివేవాడికి ఉచితం అంటే రాసేవాడు కట్టాలి. పేద దేశాల వాళ్లకు మాఫీ ఇచ్చే జర్నల్స్ చాలా ఉన్నాయి గానీ ఆ జాబితాల్లో భారత్ సాధారణంగా ఉండదు. ముగ్గురం రచయితలం తలా కొంత వేసుకున్నాం. పని చేయకపోయినా పేరు వేయమని అడిగిన నాలుగో ఆయన, ఫీజు మాట వినగానే అడగడం మానేశారు.

కొత్త జర్నల్ వాళ్లు అడిగిన మొదటి విషయం బొమ్మ. అంగుళానికి 300 చుక్కల నాణ్యత ఉండాలి, తెరపై పెద్దది చేసి చూసుకునేలా ఉండాలి అన్నారు. మా దగ్గర ఫిల్ము పేషెంటుకే ఇచ్చేస్తారు. కంప్యూటర్లో ఉన్న అసలు ఫైలు చోటు చాలక ఎప్పుడో తుడిచేశారు. పెద్దాయన కొడుక్కి ఫోన్ చేస్తే, ఫిల్మును కిటికీకి ఆనించి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. అందులో ఎముకల వెనక వేపచెట్టు కూడా పడింది. పైగా వాట్సాప్ బొమ్మను నలిపి చిన్నది చేసేస్తుంది, రంపం పళ్లన్నీ అలికినట్టయిపోయాయి. పాపం ఆ అబ్బాయి పొలం పని వదిలి, పొదిలి మీదుగా బస్సెక్కి, చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక గంట నిలబడి, ఫిల్ము కవరు ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. గదిలో లైట్లన్నీ ఆర్పి, లైట్ బాక్స్ మీద ఫిల్ము పెట్టి, మంచి కెమెరాతో తీశాం. పై మూలన ఆయన పేరు, వయసు, తేదీ ఉన్నాయి. రోగి ఎవరో తెలియకూడదు కాబట్టి ఆ మూల మొత్తం కత్తిరించేశాను. పని అయిందనుకున్నాను.

తర్వాత అంగీకార పత్రం. నేను ఒక పూటలో అయిపోతుందనుకున్నది ఇదే. ఎక్కువ రోజులు పట్టింది కూడా దీనికే.

జర్నల్ పంపిన ఫారం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో రాసుకుని, ఆయన్ను కూర్చోబెట్టి చదివి వినిపించాను. మీ ఎక్స్-రే, మీరు నిలబడిన ఫోటో ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. ఎవరైనా తీసుకుని మళ్లీ వాడుకోవచ్చు, మేం ఇచ్చే లైసెన్సు అలాంటిది. ఒకసారి బయటికి వెళ్లాక వెనక్కి తీసుకోవడం మా చేతుల్లో ఉండదు. మీరు వద్దంటే మీ వైద్యానికి ఏ లోటూ రాదు. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఫోటోలో కళ్ల మీద నల్లగీత వేస్తే చాలదా అని నా పీజీ విద్యార్థిని అడిగింది. చాలదు. వైద్య జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, కళ్లు మూసినంత మాత్రాన మనిషి గుర్తు దాగదని స్పష్టంగా చెప్పింది. అందుకే మెడ కింది నుంచే తీసిన ఫోటో పెట్టాం.

"పేరు వెయ్యరా?" అన్నాడు పెద్దాయన.

"వెయ్యమండీ. ఎవరికీ తెలియకూడదు కదా."

"పేరు వెయ్యకపోతే మానె. ఊరి పేరు వెయ్యి తల్లీ. ఎవుడన్నా పెద్దోడు చూస్తే నీళ్లిస్తాడేమో."

నా దగ్గర సమాధానం లేదు. చిన్న పల్లె, అరవై దాటిన, మెడ తిరగని మనిషి. ఊరి పేరు వేస్తే ఆయన పేరు వేసినట్టే. ఆయన్ను కాపాడటానికి పెట్టిన నిబంధన ఆయన అడిగిన ఒకే ఒక్క కోరికకు అడ్డం వచ్చింది. ఎథిక్స్ కమిటీని అడిగాను, ఎడిటర్‌కు రాశాను. ఇద్దరూ మర్యాదగా కాదన్నారు. చివరికి 'ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతం' అని రాశాం. ఆయన వేలిముద్ర వేశాడు గానీ, ముఖంలో తృప్తి లేదు.

విజువల్ అబ్‌స్ట్రాక్ట్ కూడా అడిగారు. వ్యాసం సారమంతా ఒకే బొమ్మలో చెప్పడం. 2016లో ఆండ్రూ ఇబ్రహీం అనే సర్జన్ ఆనల్స్ ఆఫ్ సర్జరీ జర్నల్‌లో మొదలుపెట్టాక బాగా పాకింది. బొమ్మతో పెట్టిన ట్వీట్లు ఎనిమిది రెట్ల దాకా ఎక్కువమందికి చేరాయని, వ్యాసం తెరిచినవాళ్లు మాత్రం మూడు రెట్ల లోపే పెరిగారని వాళ్లే లెక్కగట్టారు. అంటే బొమ్మ చూసి అంతటితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. కాబట్టి ఆ బొమ్మలో అసలు మాట తప్పిపోకూడదు. నేను మొదట గీసిందాంట్లో పదకొండు బాణాలు, నాలుగు రంగులు ఉన్నాయి. మా పీజీ చూసి "మేడమ్, ఇది బస్టాండు రూట్ మ్యాప్‌లా ఉంది" అంది. అన్నీ తీసేసి మూడు గళ్లు ఉంచాం. బిగుసుకున్న నడుము, ఏ నీళ్లు అన్న ప్రశ్న, ముంజేయి ఎక్స్-రే.

రివ్యూలు మూడు వారాల్లో వచ్చాయి. మొదటి రివ్యూవర్ వెన్నెముక ఎక్స్-రే కూడా పెట్టమన్నారు, బాణం గుర్తులు అడిగారు, మణికట్టు దగ్గర తెల్లగీత ఏమిటని అడిగారు. కడియం అని రాశాం. రెండో రివ్యూవర్ ఇథియోపియా డాక్టరు. వాళ్ల రిఫ్ట్ లోయలోనూ ఇదే జబ్బు. ఆయన అడిగిన ప్రశ్న నాకు తట్టనే లేదు. రోగి రోజుకు ఎన్ని టీలు తాగుతాడు? టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, ఆ టీ కాచేది మళ్లీ ఆ నీళ్లతోనే, కాచితే ఫ్లోరైడ్ పోదు సరికదా చిక్కబడుతుంది. ఫోన్ చేసి అడిగాను. "అయిదారు. శనగ పీకేటప్పుడు లెక్కుండదు" అన్నాడు. ఆ ఒక్క వాక్యంతో నా వ్యాసం బాగుపడింది. ఆ ప్రశ్న, దాని కింద ఆయన పేరు, నా జవాబు ఇప్పటికీ వ్యాసం పక్కనే ఎవరైనా చదువుకోవచ్చు.

పంపిన ఆరో వారానికి వ్యాసం వచ్చేసింది. ఏడు నెలల తర్వాత వచ్చిన రెండు వాక్యాలు గుర్తొచ్చి ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను.

లైసెన్సు ప్రకారం రాసినవాళ్ల పేరు వేస్తే చాలు, ఎవరినీ అడగక్కర్లేదు. ఆ మూడు గళ్ల బొమ్మను, ఎక్స్-రేతో సహా తెలుగులో చేసి కనిగిరి వైపు పీహెచ్‌సీలకు పంపాను. 'మెడ తిరగకపోతే, నడుము వంగకపోతే, ఏ నీళ్లు తాగుతారో అడగండి. కుడి ముంజేయి ఎక్స్-రే చూడండి' అని. ఒక ఆశా కార్యకర్త ఫోన్లో నుంచి అది ఊళ్లన్నీ తిరిగింది.

వారం తర్వాత పెద్దాయన కొడుకు ఫోన్. "మేడమ్, మా నాయన మాట్లాడతాడంట."

"అమ్మా, బొమ్మ బాగుంది. కడియం చూసి ఊళ్లో అందరూ నాదేనని పట్టేశారు. కానీ కుడి చెయ్యని రాశారంటనే. నా కడియం ఎడమ చేతికి గదా?"

నాకు గొంతు ఎండిపోయింది. వ్యాసం తెరిచాను. బొమ్మ 1, కుడి ముంజేయి. పేరున్న మూల కత్తిరించినప్పుడు దాంతోపాటు ఎడమకు వేసే గుర్తు కూడా పోయింది. నెల తర్వాత బొమ్మ కింద వాక్యం రాసేటప్పుడు గుర్తుందనుకుని కుడి అని రాసేశాను. ఓపీ చీటీ తీసి చూస్తే నా చేతిరాతే, ఎడమ అని. గుర్తు లేని ఆ బొమ్మలో కుడో ఎడమో రివ్యూవర్లు మాత్రం ఎలా చెబుతారు?

ఎడిటర్‌కు అదే రోజు రాశాను. తప్పు ఎలా బయటపడిందో చెప్పమన్నారు. రోగి చూసి చెప్పాడని రాశాను. నాలుగు రోజుల్లో కొత్త వెర్షన్ పెట్టారు. పాతది కూడా అక్కడే ఉంటుంది, పైన సవరణ గమనికతో. 'బొమ్మ 1లో కుడి అన్నచోట ఎడమ అని చదువుకోవాలి. ఈ పొరపాటును రోగి గుర్తించారు.'

సరిచేశామని చెప్పడానికి పెద్దాయనకు ఫోన్ చేశాను.

"నాలుగు రోజుల్లోనే మార్చారా?" అన్నాడు.

"అవునండీ."

"అయితే ఆ చేత్తోనే ఊరి పేరు కూడా ఎక్కించొచ్చుగా తల్లీ?"