నా దగ్గర మందు లేదన్న వైద్యుడు

కట్లపాము కాటుకు నొప్పి ఉండదు. నాగుపాము కరిస్తే మంట, రక్తపింజర కరిస్తే వాపు, నెత్తురు. కట్లపాము మాత్రం నేల మీద నిద్రపోతున్న మనిషిని కరిచి వెళ్ళిపోతుంది, కోరలు చిన్నవి కావడంతో గాటు కూడా కంటికి ఆనదు. నిరుడు వానాకాలంలో, అల్లూరు దగ్గర మా అత్తగారి ఊళ్ళో, కరెంటు పోయి ఉక్కపోస్తున్న రాత్రి వసారాలో చాప వేసుకొని పడుకున్న నేను, తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టే నొప్పితో లేచాను. ఇప్పుడు నా చేతులు మునుపటిలా సుద్దముక్క పట్టుకుంటున్నాయి, పిల్లలకు పాఠం చెబుతుంటే గొంతు తడబడటం లేదు, రాత్రిపూట దీపం ఆర్పి పడుకోగలుగుతున్నాను. అందుకే ఇన్నాళ్ళకు ఇది రాయడానికి కూర్చున్నాను. రాయవలసింది నా ప్రాణం దక్కిన సంగతి ఒక్కటే కాదు. ఆ ప్రాణం దక్కించిన వ్యక్తి మీద ఆసుపత్రిలో పడిన నింద గురించి కూడా.

కడుపునొప్పి అంటే పాము ఎవరికి గుర్తొస్తుంది? అత్తయ్య వాము నీళ్ళు కాచారు. మా వారు గ్యాస్ బిళ్ళ కోసం బీరువా అంతా వెతికారు. నాకు రెప్పలు బరువెక్కుతున్నాయి, నిద్ర చాలక అనుకున్నాను. అంతలో మా చేలకు నీళ్ళు పెట్టే యానాది గిరిజన పెద్దాయన మడవ తిప్పడానికి పోతూ లైటు వెలుగుతుండటం చూసి గుమ్మం దగ్గర ఆగారు. ఊళ్ళో అందరూ ఆయనను తాత అనే పిలుస్తారు. ఎలుకల బొరియలు తవ్వి ఎలుకలు పట్టడం ఆయన కులవిద్య. ఎలుక ఉన్నచోట పాము ఉంటుంది కనుక పాములను చదవడం కూడా చిన్ననాటి నుంచి అబ్బింది. తాత టార్చి నా మొహం మీద వేసి, "అమ్మా, రాత్రి నేల మీద పడుకున్నావా?" అని అడిగారు. అవునన్నాను. "గొంతులో ఏదో అడ్డంపడినట్టు ఉందా?" అన్నారు. ఉందన్నాను. తర్వాత తన చూపుడువేలు నా కళ్ళ ముందు నిలబెట్టి, "ఇవి ఎన్ని?" అని అడిగారు. రెండు కనిపించాయి. రెండు అని చెప్పబోతే నాలుక మందంగా కదిలింది.

"ఇది కట్లపాము పనే, సామీ. దీనికి నా దగ్గర మందు లేదు. మా నాయన దగ్గర కూడా లేదు. గాలి పెట్టే మిషను ఉన్న ఆసుపత్రికి, నెల్లూరికి పొండి" అని ఆయన మా వారితో అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

మా పెదమామగారు ఒప్పుకోలేదు. పక్క ఊళ్ళో రాయి వేసి విషం లాగే మనిషి ఉన్నాడని, వేరు నూరి పోస్తాడని, ఆయన చేతి మీదుగా ఎందరో బతికారని పట్టుబట్టారు. తాత పెద్దవాళ్ళ ఎదుట గొంతు పెంచే మనిషి కారు, కానీ ఆ వేళ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "ఆయన బతికించిన వాళ్ళని విషం లేని పాము కరిచి ఉంటది అయ్యా. దీనికి మింగుడు పడదు. పసరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతది. నా తమ్ముడు కొడుకు అట్టనే పోయినాడు" అన్నారు. నన్ను నడవనివ్వవద్దని, ఎక్కడా తాడు బిగించవద్దని, బ్లేడుతో కోయవద్దని, ఒక పక్కకు పడుకోబెట్టి తీసుకుపొమ్మని చెప్పారు. 108 వాహనం వచ్చేసరికి నా మాట పూర్తిగా పడిపోయింది. మేము వెళ్ళాక ఆయన వసారాలోని ఎరువు బస్తాలు ఒక్కొక్కటే జరిపి పామును చూశారు, మా మేనల్లుడు దాని ఫోటో తీసి మా వారికి పంపాడు.

ఆసుపత్రి పనులు ఎవరికైనా ఒకటే, వాటి గురించి ఎక్కువ రాయను. విరుగుడు ఇంజెక్షన్లు ఎక్కించారు, గొట్టం వేసి వెంటిలేటరు పెట్టారు. రాయవలసింది ఆ తర్వాతి రాత్రి గురించి.

కట్లపాము విషం నరం చివరను, అది కండరానికి కబురు అందించే చోటును దెబ్బతీస్తుంది. మెదడును ముట్టుకోదు. అంటే ఒళ్ళంతా కట్టె అవుతుంది, రెప్పలు తెరుచుకోవు, కనుపాపలు వెలుగు వేసినా కదలవు, కానీ లోపల మనిషి మెలకువగానే ఉంటుంది. నేను ఉన్నాను. మిషను ఊదే గాలి చప్పుడు, పక్క మంచం మనిషి దగ్గు, ఎవరో ఫోనులో బియ్యం ధర మాట్లాడటం, అన్నీ విన్నాను. ఎంత రాత్రయిందో తెలియదు. డ్యూటీ డాక్టరు ఒకరు వచ్చి నా రెప్ప ఎత్తి, లైటు వేసి, వదిలేశారు. "పాపలు ఫిక్స్ అయిపోయాయి. నాటు వైద్యం చేయించుకొని ఆఖరి నిమిషంలో తెచ్చి ఉంటారు. ఈ జనం ఎప్పటికీ మారరు. పెద్దగా ఆశ పెట్టుకోవద్దని వాళ్ళ వాళ్ళకు చెప్పండి" అన్నారు.

నేను చచ్చిపోయానని నా తల దగ్గరే నిలబడి చెప్పారు. కాదని అరవడానికి నాకు ఒక్క కండరం కూడా స్వాధీనంలో లేదు. వేలు కదపాలని నా ప్రాణమంతా వేలిలోకి పంపాను, కదలలేదు. ఈ మిషను ఆపేస్తారా, మా వారు సంతకం పెడతారా, నా కూతురికి రేపు ఏమి చెబుతారు అన్న ఆలోచనలతో ఆ రాత్రి గడిచిన తీరు పగవారికి కూడా రాకూడదు. ఆ భయం మధ్యలో కూడా నాకు కోపం వచ్చింది. నాటు వైద్యుడి వల్ల ఆలస్యమైందన్న మాటకు వచ్చింది. ఆలస్యం చేయబోయినది పట్టాదారు పాసుపుస్తకం, డిగ్రీ చదువు ఉన్న మా ఇంటి పెద్దలు. గుమ్మంలో నిలబడి ఆపినది బడి మొహం చూడని యానాది తాత.

ఆ రాత్రే ఒక నర్సమ్మ నా కళ్ళలో చుక్కలు వేసి, రెప్పలకు మెత్తగా టేపు అంటించి, "టీచరమ్మా, పాము మందు పనిచేస్తోంది, మీరు వింటున్నారని నాకు తెలుసు" అని చెవిలో చెప్పింది. ఆమె ఎవరి బిడ్డో గానీ నూరేళ్ళు చల్లగా ఉండాలి. ఉదయం పెద్ద డాక్టరు గారు ఫోటో చూసి, కట్లపాము కాటులో పాపలు ఇలాగే ఉంటాయని, దాన్ని బట్టి మెదడు పోయిందని అనుకోకూడదని, మంచం దగ్గర మాట జాగ్రత్తగా ఉండాలని అందరి ముందూ చెప్పారు. ఆ మాటతో నేను మళ్ళీ బతికాను. ఈ విషం ఒకసారి నరాల చివరలను దెబ్బతీశాక విరుగుడు మందు దాన్ని వెనక్కి తేలేదని, అవి మళ్ళీ మొలిచేదాకా మిషను ఊపిరి పోయాలని, అందుకే పెందలాడే రావడమే ప్రాణమని ఆయనే మా వారికి వివరించారు. కొన్నాళ్ళకు కుడిచేతి బొటనవేలు కదిలింది. తర్వాత రెప్పలు. ఆపైన ఊపిరి.

ఇంటికి వచ్చాక నాకు ఎక్కించిన మందు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకున్నాను. గుర్రాలకు కొద్దికొద్దిగా పాము విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే విరుగుడును తీసి శుద్ధి చేస్తారు. మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ కలిపి ఒకే మందు. దానికి కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడులో మహాబలిపురం దగ్గరి వడనెమ్మేలిలో ఉన్న ఇరుళర్ల సహకార సంఘం నుంచే మందుల కంపెనీలకు వెళుతోంది. పాము చర్మాల వ్యాపారం నిషేధించాక బతుకుతెరువు పోయిన ఆ గిరిజనులు 1978లో ఆ సంఘం పెట్టుకున్నారు. పామును చంపకుండా పట్టి, విషం పిండి, తిరిగి అడవిలో వదులుతారు. వారిలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. నన్ను తిట్టిన డాక్టరు గారు నా నరంలోకి ఎక్కించిన సీసా వెనుక కూడా, మా తాత వంటివాళ్ళ చేతి విద్యే ఉంది.

తాత నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. పామును ఎలా పోల్చుకోవాలో నాకు ఓపికగా చెప్పారు. కట్లపాముకు తెల్ల కట్లు తల దగ్గర సరిగా కనబడవు, తోక వైపు పోయేకొద్దీ స్పష్టమవుతాయి, జంటలు జంటలుగా ఉంటాయి. విషం లేని, దాని పోలికే ఉన్న పాముకు కట్లు మెడ దగ్గరే బాగా కనిపించి వెనక్కి పోయేకొద్దీ చెరిగిపోతాయి. కట్లపాముకు వెన్ను మీద నడిమి వరుస పొలుసులు మిగతావాటి కన్నా పెద్దవి. ఈ మాటలన్నీ నేను తర్వాత పాముల పుస్తకంలో చూసుకున్నాను, ఒక్కటీ తప్పు లేదు.

తాత తల్లిదండ్రులు శ్రీహరికోట దీవి వాళ్ళు. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అక్కడి యానాదులు దీవి వదలవలసి వచ్చింది. దేశానికి ఆ కేంద్రం అవసరమే, కాదనను. కానీ అడవిని విడిచిన మనిషి దగ్గర మందు మిగలదు, మందు పేరు మాత్రమే మిగులుతుంది. ఆయనకు తెలిసిన చెట్లలో సగం ఇప్పుడు ఆయన మనుమలు చూడనైనా లేదు, వాళ్ళు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటున్నారు. ఒకసారి ఎవరో వచ్చి ఆకుల పేర్లు రాసుకొని, ఫోటోలు తీసుకొని వెళ్ళారట. ఏది దేనికి పనిచేస్తుందని అడిగారు గానీ, ఏది దేనికి పనిచేయదని ఒక్కరూ అడగలేదని తాత అన్నారు. నా ప్రాణం నిలిపినది ఆ అడగని సంగతే.

సంప్రదాయ వైద్యాన్ని పరీక్షించడం అంటే దాన్ని అవమానించడం అని మా బంధువుల్లో కొందరి వాదన. అది సరికాదు. సర్పగంధి వేరును పాముకాటుకు తరతరాలుగా వాడారు. పాము విషానికి అది విరుగుడు కాదు. అయితే బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ దాన్ని రక్తపోటు రోగులకు ఇచ్చి చూసి, ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు, 1952లో స్విట్జర్లాండు శాస్త్రవేత్తలు దాని నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు, ప్రపంచమంతా వాడింది. పరీక్ష పెట్టకపోతే ఆ వేరు రక్తపోటుకు పనికివచ్చేదీ కాదు, పాముకాటు వాళ్ళ ప్రాణాలు తీయడం మానేదీ కాదు. 2021లో కరోనాకు పనిచేస్తుందన్న కృష్ణపట్నం ఆకు మందు కోసం మన జిల్లా దారులన్నీ నిండిపోయినప్పుడు, దేవుడి మందు అన్నవాళ్ళు కొందరు, మోసం అన్నవాళ్ళు కొందరు. ఓపికగా పరీక్షిద్దామన్న గొంతు ఆ గోలలో చాలా సన్నగా వినిపించింది.

పసుపు మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది, ఆ తర్వాత 2001లో సంప్రదాయ విజ్ఞానానికి డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టారు. మంచి పని. కానీ అందులో చేరేవి ఆయుర్వేద, సిద్ధ, యునాని వంటి గ్రంథాల్లో రాసి ఉన్న మందులు. తాత తెలివి ఏ గ్రంథంలోనూ లేదు. దాని కోసం 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది. ఆ చట్టం కింద ప్రతి పంచాయతీలో కమిటీ ఏర్పడి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో స్థానికుల తెలివిని వారిని సంప్రదించి నమోదు చేయాలి. మా బడి పిల్లలతో కలిసి నేను ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. మొక్క, ఎప్పుడు కోయాలి, ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఎప్పుడు పనిచేయదు, ఎప్పుడు ఆసుపత్రికి పంపాలి అన్నవి వరుసగా రాస్తున్నాం. పైన తన పేరు కాదు, తన వాళ్ళందరి పేరు ఉండాలన్నది తాత పెట్టిన ఒకే ఒక షరతు. దాన్ని పంచాయతీ రిజిస్టరులో చేర్పించే దాకా వదలను.

అత్తయ్య జొన్నవాడ కామాక్షమ్మకు మొక్కుకున్నారు. పెన్న ఒడ్డున ఆ గుడిలో నిద్ర చేసి వచ్చాను. అమ్మ కరుణ వెంటిలేటరు రూపంలో వచ్చిందా, తాత రూపంలో వచ్చిందా అని నేను విడదీసి చూడను.

చదివేవారు ఒక్క మాట వినండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు, చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. వానాకాలంలో మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. బస్తాలు పడుకునే చోట పెట్టవద్దు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పల బరువు, ఒకటి రెండుగా కనబడటం, ఈ మూడూ కలిస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. డాక్టర్లకు కూడా చేతులు జోడించి చెబుతున్నాను, ఏ మందు తీసుకున్నారని రోగిని మర్యాదగా అడగండి. వెక్కిరిస్తారని భయపడితే వాళ్ళు దాస్తారు, దాచిన పసరు ఏదో తెలియకుండా మీరు వైద్యం చేయవలసి వస్తుంది.

నా డిశ్చార్జి కాగితంలో 'నాటు వైద్యం కారణంగా రావడం ఆలస్యమైంది' అని ఒక వాక్యం ఉంది. అది అబద్ధం. రేపు ఎవరైనా పాముకాటు లెక్కలు తీస్తే ఆ అబద్ధం కూడా లెక్కలో చేరుతుంది. దాన్ని కొట్టివేసి, 'గిరిజన పెద్ద రోగాన్ని గుర్తించి వెంటనే పంపారు' అని రాయమని ఆసుపత్రికి అర్జీ పెట్టాను. రికార్డు మార్చడం కుదరదని కౌంటరులో చెప్పారు. కుదరదన్న మాట కాగితం మీద రాసి ఇవ్వమని మళ్ళీ అర్జీ పెట్టాను.