మొదటి ఆదివారం పళ్ళెం దాటించేవాళ్ళు

నీతిమంతులుగా తీర్చబడటం, అంటే దేవుడు మనల్ని నీతిమంతులుగా అంగీకరించడం, ఎలా జరుగుతుందని మన సంఘాల్లో ఎవరిని అడిగినా జవాబు టక్కున వచ్చేస్తుంది. కృప వల్ల, విశ్వాసం ద్వారా, క్రియల వల్ల కాదు. సండే స్కూలు పిల్లలకి కూడా ఎఫెసీ 2:8 కంఠతా వచ్చు. బాప్తిస్మం రోజున అంత గట్టిగా ఒప్పుకున్న ఈ మాట మర్నాటి నుంచి ఎందుకు పనికిరాకుండా పోతుందన్నదే నా గోల. ఇంట్లో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే "దశమభాగం సరిగ్గా ఇస్తున్నారా?" అంటారు, కూతురికి సంబంధం కుదరకపోతే "ఉపవాస ప్రార్థనకి రావట్లేదు కదా మరి" అంటారు. రక్షణ ఉచితం అని చెప్పిన నోటితోనే బిల్లు చేతిలో పెట్టేస్తాం.

మా అమ్మవాళ్ళ ఊరు ఆమదాలవలస దగ్గర. అక్కడి సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. వెనక గోడకి ఆనుకొని చాప మీద కూర్చునే ఒక మామ్మ ఉంది. రొట్టె పళ్ళెం తన దాకా రాగానే కుడిచేతికి కొంగు చుట్టుకొని, అంచు మాత్రం పట్టుకొని, ముక్కలకి వేలు తగలకుండా పక్కావిడకి అందించేస్తుంది. ద్రాక్షరసం ట్రే వచ్చినా అంతే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే చూస్తున్నాను. ఒకసారి గుడి బయట చెప్పులు వేసుకుంటుంటే పట్టుకొని అడిగేశాను, ఎందుకు మామ్మా చెయ్యి వెయ్యవు అని. "నాను తగనమ్మా. నా నోరు మంచిది కాదు, కోడలితో రోజూ తగువే. ఆ నోటితో అదెలా తింతాను?" అంది. బాధపడుతూ కూడా కాదు, రేషన్ కార్డులో పేరు లేదని చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

ఆమెకి ఈ భయం ఊరికే రాలేదు. బల్లకి ముందు ప్రతిసారీ 1 కొరింథీ 11:27 చదువుతారు, అయోగ్యంగా తిన్నవాడు అపరాధి అని. ఆ వెంటనే రోగులవడం, చనిపోవడం గురించిన వచనం. విన్నవాళ్ళకి టెన్షన్ రాక ఏమవుతుంది? కానీ ఆ ఉత్తరం రాసిన పౌలు అక్కడ ఎవర్ని తిడుతున్నాడో కాస్త పైనుంచి చదివితే తెలుస్తుంది. కొరింథులో కొందరు ముందే వచ్చి కడుపు నిండా తినేసి మత్తుగా ఉంటున్నారు, లేనివాళ్ళు వచ్చేసరికి ఏమీ మిగలక ఆకలితో కూర్చుంటున్నారు. లేనివాళ్ళని సిగ్గుపరుస్తారా అని ఆయన కోపం. అంటే మన మామ్మ లాంటివాళ్ళ పక్షాన రాసిన మాటని మామ్మనే బల్లకి దూరం పెట్టడానికి వాడుతున్నాం. (మన ఊళ్ళలో వీధిని బట్టి సంఘం మారిపోయే సంగతి నిజానికి ఈ అధ్యాయం కిందే మాట్లాడుకోవాలి. అది ఇంకోసారి.) అసలు యేసు పెట్టిన మొదటి బల్ల దగ్గర కూర్చున్నదెవరు? తెల్లారేలోగా ఆయనెవరో నాకు తెలీదని బొంకబోయే పేతురు, పట్టుకోవడానికి మనుషులొస్తే పారిపోబోయే మిగతావాళ్ళు.

తగడం అనే లెక్కనే పౌలు రోమా 4లో కొట్టేస్తాడు. పని చేసినవాడికి ఇచ్చే జీతం దానం కాదు, బాకీ. మా వైపు వేసవిలో ఉపాధి పనికి వెళ్ళినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మస్టర్‌లో పేరుండాలి, తవ్విన గొయ్యిని టేపు పెట్టి కొలవాలి, కొలత తగ్గితే కూలి తగ్గుతుంది, డబ్బు పడితే ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు, మనకి రావాల్సిందే వచ్చింది. దేవుడి దగ్గర ఈ పద్ధతి కాదంటాడు పౌలు, అని ఊరుకోడు, ఆయన "భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చు" దేవుడు అంటాడు. బాగుపడ్డాక తీర్చేవాడు అనలేదు. నాకైతే బైబిల్లో ఇంత తెగించిన మాట ఇంకోటి కనబడదు.

అబ్రాహాము సంగతీ అంతే. ఆయన నమ్మాడు, దేవుడు దాన్ని నీతిగా ఎంచాడు అన్నది ఆదికాండం 15లో ఉంది, సున్నతి 17లో గానీ రాలేదు. ముందు ఏది, తర్వాత ఏది అన్నదాని మీదే పౌలు వాదనంతా నిలబడింది. మరి కొత్త నిబంధనలో పత్రిక రాసిన యాకోబు క్రియల మూలంగా కూడా అన్నాడు కదా అంటారా, అన్నాడు, అదే అబ్రాహామును చూపించి అన్నాడు. కాకపోతే ఆయన చూపించింది 22వ అధ్యాయం, ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజు. 15కీ 22కీ మధ్య ఇస్సాకు పుట్టి, కట్టెలు మోసేంత పెద్దవాడయ్యాడు. ఆ మొదటి రోజు విశ్వాసం ఉత్త మాట కాదని అన్నేళ్ళ తర్వాత బయటపడింది. వీళ్ళిద్దరికీ తగువు పెట్టాల్సిన పనిలేదు.

తగువు పెట్టుకున్నది మనం. రోమా 1:17లో దేవుని నీతి అన్న మాట చూసి, అది పాపుల్ని శిక్షించే నీతి అని ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ వణికిపోయేవాడట, అది విశ్వాసికి దేవుడు ఇచ్చే నీతి అని అర్థమయ్యాకే ఆయనకి ఊపిరాడింది. కాథలిక్కులు ట్రెంటు సభలో 1547లో జవాబిచ్చారు, నీతిమంతుడిగా తీర్చబడటం అంటే పాపక్షమాపణ ఒక్కటే కాదు, మనిషి లోపల మారడం కూడా అని. చివరికి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కాథలిక్కులూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టాయి, మన యోగ్యత చూసి కాదు, కృపతోనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని. 2006లో మెథడిస్టులు కూడా చేరారు. మా వైపు శ్రీకాకుళం, బొబ్బిలి దాకా కెనడా బాప్టిస్టులు, సాలూరు వైపు 1880లలో జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లుం మిషన్ లూథరన్లు, ఊరూరా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళు. పెళ్ళి సంబంధం దగ్గర ఇప్పటికీ "వాళ్ళు ఏ మిషన్?" అనే మొదటి ప్రశ్న. అంత పెద్ద సంతకం జరిగిన సంగతి మాత్రం ఇక్కడ ఎవరికీ చేరినట్టు లేదు.

లూకా 18లో గుడికి వెళ్ళిన ఇద్దరి కథ మన వైపు చాలా పాతది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్ళు అనువదించిన మూడు సువార్తల్లో లూకా ఒకటి, 1812లో సేరంపూర్‌లో అచ్చయింది. పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదనలో పదో వంతు అని చెప్పుకుంటాడు, అవన్నీ నిజంగా చేసినవాడే, అబద్ధం లేదు. పన్నులు వసూలు చేసే సుంకరి దూరంగా నిలబడి, తల ఎత్తకుండా, పాపినైన నన్ను కరుణించు అన్నాడు. నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్ళింది ఇతనే. రెండొందల ఏళ్ళుగా చదువుతున్నాం, అయినా ఈ రోజు మన సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఎవరికి మైకు ఇస్తాం? ఉపవాసం, పదో వంతు ఉన్నాయనకే.

ఈ మాట అంటే సంఘ పెద్దల్లో ఒకాయన, "అలాగైతే ఎవడిష్టం వచ్చినట్టు వాడు బతికేసి బల్లకి వచ్చేస్తాడమ్మా" అన్నారు. ఈ ప్రశ్న పౌలుకీ ఎదురైంది, రోమా 6 అంతా దానికి జవాబే. పైగా చూడండి, ఇన్నేళ్ళు పళ్ళెం దాటించినా మామ్మకి కోడలితో తగువు తగ్గలేదు. దూరం పెట్టడం వల్ల మనిషి బాగుపడేదే అయితే ఆమె ఈపాటికి ఎప్పుడో బాగుపడాలి.

మా పాస్టరు అయ్యగారిని ఒక్కటే అడిగాను, బల్లకి ముందు 1 కొరింథీ 11ని 27 నుంచి కాకుండా 17 నుంచి చదవండి అని. టైము పట్టేస్తుందమ్మా అన్నారు. ఎక్కువయ్యేది పది వచనాలే కదా, ప్రకటనలు కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది.