పుస్తకాల సైటు పని: 13.0.3 కాదు, 13.0.0.0

ఇంట్లో పుస్తకాల జాబితా కోసం ఎప్పుడో కట్టుకున్న చిన్న సైటు ఇది. మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.7.2, దాని మీద వెబ్ సర్వీసులు రాసే లైబ్రరీ వెబ్ ఏపీఐ 5.2.3.

శనివారం రాత్రి. జేసన్ డేటాను చదివి రాసే లైబ్రరీ న్యూటన్‌సాఫ్ట్ జేసన్‌ను 6.0.4 నుంచి 13.0.3కి మార్చాను. బాగానే నడిచింది. తర్వాత వేరే పనిలో సైటు సెట్టింగుల ఫైలు వెబ్.కాన్ఫిగ్‌ను గందరగోళం చేసి, పాత కాపీ తెచ్చి పెట్టాను. దాంతో ప్యాకేజీలు తెచ్చిపెట్టే నూగెట్ తానే రాసిపెట్టిన బైండింగ్ రీడైరెక్ట్ కాస్తా పోయింది. సైటు తెరవగానే ఎర్రర్ చూపే పసుపు తెర: న్యూటన్‌సాఫ్ట్ జేసన్ అసెంబ్లీ (కంపైలైన కోడ్ ఫైలు, అంటే డీఎల్ఎల్) వెర్షన్ 6.0.0.0 దొరకలేదట, ఎర్రర్ కోడ్ చివర 80131040.

కారణం తెలిసిందే. వెబ్ ఏపీఐ 5.2.3ని కంపైల్ చేసింది 6.0.0.0తో. స్ట్రాంగ్ నేమ్ (వెర్షన్‌తో సహా సంతకం చేసిన పేరు) ఉన్న అసెంబ్లీ కాబట్టి నాలుగు అంకెలూ కలవాల్సిందే. బిన్ ఫోల్డర్‌లో ఉన్నదేమో కొత్త డీఎల్ఎల్ ఒక్కటే. పాతది అడిగినవాళ్లకు కొత్తదే ఇవ్వమని చెప్పేదే రీడైరెక్ట్.

ఇదెంత పని అనుకుని చేత్తో రాశాను. ఓల్డ్ వెర్షన్ 0.0.0.0-13.0.3.0, న్యూ వెర్షన్ 13.0.3.0. మళ్లీ అదే తెర! బిల్డ్ ఫైళ్లుండే బిన్, ఆబ్జ్ ఫోల్డర్లు ఖాళీ చేశాను, టెంపరరీ ఏఎస్పీ డాట్ నెట్ ఫైళ్లు తుడిచేశాను, రీబిల్డ్ కొట్టాను. గంటన్నర దండగ.

ఆదివారం పొద్దున్నే ఆ పసుపు తెరను చివరిదాకా చదివాను (రాత్రే చదవాల్సింది). ఏ అసెంబ్లీ కోసం ఎక్కడ వెతికిందో రాసే బైండింగ్ లాగ్ ఆపి ఉంది, విండోస్ రిజిస్ట్రీలో ఫ్యూజన్ కింద ఎనేబుల్‌లాగ్‌ను 1 చేయమని అందులోనే రాసి ఉంది. చేసి, సైటును నా కంప్యూటర్లో నడిపే సర్వర్ ఐఐఎస్ ఎక్స్‌ప్రెస్‌ను ఆపి మళ్లీ నడిపాను. పోస్ట్ పాలసీ రిఫరెన్స్ (రీడైరెక్ట్ తర్వాత వెతికే వెర్షన్) 13.0.3.0 అని ఒక లైను, తేడా బిల్డ్ నంబర్‌లో అని ఇంకో లైను. అంటే రీడైరెక్ట్ పనిచేస్తూనే ఉంది, నేనే లేని ఊరికి దారి చూపించాను.

13.0.3 అనేది ప్యాకేజీ వెర్షన్. లోపలున్న అసెంబ్లీ వెర్షన్ మాత్రం 13.0.0.0. ఫైల్ ప్రాపర్టీస్‌లో కనిపించే ఫైల్ వెర్షన్‌నూ నమ్మకూడదు. విజువల్ స్టూడియోలో రిఫరెన్సెస్ కింద ఆ పేరు మీద నొక్కి, ప్రాపర్టీస్‌లో వెర్షన్ చూస్తే సరైన అంకె దొరుకుతుంది. రెండు చోట్లా 13.0.0.0 అని దిద్దాను, సైటు లేచింది.

ఇంకోటి మిగిలింది. వెబ్ అభ్యర్థనలు పంపే లైబ్రరీ సిస్టమ్ నెట్ హెచ్‌టీటీపీ విషయంలో బిల్డ్‌లో ఎంఎస్‌బీ3277 (వేర్వేరు వెర్షన్లు ఢీకొంటున్నాయనే) హెచ్చరిక వస్తోంది. ఆ ప్యాకేజీ 4.3.4, లోపలి అసెంబ్లీ 4.1.1.3. చూసి ఊహించగలిగే అంకేనా అది! ఫ్రేమ్‌వర్క్‌లో ఎలాగూ ఉన్నదే కాబట్టి రీడైరెక్ట్ రాసే బదులు ప్యాకేజీనే తీసేసి చూస్తాను. ఎనేబుల్‌లాగ్‌ను తిరిగి 0 చేశాను, ఉంచితే సైటు నెమ్మదిస్తుంది.