దసరా పోయినంక పెట్టిన మొక్కలు

మా ఇల్లు వరంగల్ పక్కన హసన్‌పర్తి దగ్గర. ఇంటి వెనక కొంత జాగా ఖాళీగా ఉంటే, పోయినేడు వానలు మొదలవగానే అందరిలాగే నేనూ నర్సరీకి పోయి ఆరు మొక్కలు తెచ్చి జులైలో పెట్టాను. ఆగస్టు ముసురుకు నాలుగు పోయాయి. ఆకులు పసుపు రంగుకు తిరిగి వాలిపోతుంటే నీళ్లు చాలలేదేమో అని ఇంకో బకెట్ పోసిన తెలివి నాది. పీకి చూస్తే వేర్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి. ఒకటే మురుగు కంపు.

ప్లాటు ఎత్తు చేయడానికి మొరం పోయించి రోలర్ తొక్కించాం. అందులో గుంత తీస్తే తొట్టి కట్టినట్టే, పడ్డ నీరు కిందికి దిగదు. బాపు చూసి, "గంత తొందరేందిరా? ముసురు పోనియ్యి. దసరా పోయినంక పెట్టు. గని మళ్ల వానలు పడేదాంక నీళ్లు నువ్వే పొయ్యాలె" అన్నాడు.

చలి దేశాల్లోనూ చాలామంది చెట్లు ఆకు రాల్చే కాలంలో మొక్కలు నాటుతారు. పైన ఎదుగుదల ఆగినా, నేల వెచ్చగా ఉన్నన్నాళ్లు వేరు పాకుతుందని. మన దగ్గర ఆకు రాలేది శిశిరంలో కాబట్టి ఆ లెక్క మనకు అచ్చంగా కుదరదు. మనకు కలిసొచ్చేది వేరే: అక్టోబరులో నైరుతి వానలు వెనక్కి పోతాయి, నేలలో తడి మిగులుతుంది, బురద ఉండదు.

బతుకమ్మ రోజుల్లోనే గుంతలు మొదలుపెట్టాను. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. గడ్డపారతో ఒక్కోదానికి గంటన్నర పట్టింది, అరచేతుల్లో బొబ్బలు. ఈసారి ఒక పని అదనంగా చేశాను. సాయంత్రం గుంతలో రెండు బకెట్లు పోసి పొద్దున చూశాను. రెండింట్లో నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయి. అడుగున మరో అడుగు పొడిస్తే ఒకటి దారికొచ్చింది. రెండోది మొండికేసింది, పూడ్చేశాను. మిగతావి పది రోజులు ఎండనిచ్చి, తీసిన మొరం పారేసి, ఎర్రమట్టిలో రెండేసి తట్టల మాగిన పెంట ఎరువు, కిలో వేపపిండి కలిపి నింపాను. మట్టి కుంగుతుందని నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువే పోశాను.

పండుగ తర్వాతి ఆదివారం మామిడి అంటు, జామ, నిమ్మ, ఉసిరి, కరివేపాకు, మందారం, నందివర్ధనం పెట్టాను. మందారం కవరు బ్లేడుతో కోస్తే లోపల వేర్లు చుట్టకుదురులా గుండ్రంగా బిగుసుకుని ఉన్నాయి. జులైలో అలాగే దించేశాను కదా! ఈసారి మూడు చోట్ల నిలువుగా గీసి, వేళ్లతో విప్పి పరిచాను. మామిడికి అంటు కట్టిన చోటు మట్టిపైకి ఉండేలా చూసుకున్నాను.

గేటు దగ్గర తంగేడు కావాలని మా ఆవిడ కోరిక. గుట్ట మీది మొక్కను పీకి తెచ్చాను. తల్లివేరు తెగిందేమో, వారానికే ఎండిపోయింది. తర్వాత ఎండిన కాయలు తెచ్చి, గింజలను వేడినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి నేరుగా నేలలోనే వేశాం.

కోతలయ్యాక వరిగడ్డి తెచ్చి పాదుల్లో పరిచాను. కాండానికి ఆనించి పరచడం నా తప్పు. జామకు జానెడు ఎత్తు దాకా మట్టి పూత, గోకితే లోపల చెదలు. మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదిలాకే ఆగాయి.

డిసెంబరంతా ఒక్క కొత్త ఆకు రాలేదు. టెన్షన్‌తో రోజూ గోటితో బెరడు గీకి పచ్చగా ఉందా అని చూసేవాణ్ణి. సంక్రాంతి పోయాక మామిడి ఎర్రగా చిగురేసింది. అంటు కింద కూడా ఓ చిగురొస్తే మురిసిపోయాను. బాపు దాన్ని గిల్లి పారేశాడు. "గది నాటుది. ఉంచితే పైదాన్ని తింటది."

ఎండాకాలంలో ప్రతి పాదు పక్కన అడుగున చిల్లి పెట్టి, గుడ్డ వత్తి దూర్చిన కుండను పాతాను. మేలో అవి కూడా రెండు రోజులకే ఖాళీ. నిమ్మను ఎండ కాదు, పక్కింటి మేక తినేసింది. మిగతా ఆరూ ఉన్నాయి. తంగేడు మోకాలెత్తు అయింది. ఈ బతుకమ్మకు పూస్తుందా అని మా ఆవిడ పొద్దున లేవగానే గేటు దగ్గరికే పోతోంది.